మెట్ల వీధి కొలతలు

మెట్ల వీధిలో మెట్లే వీధి. డెబ్భై ఒక్క రాతిమెట్లు, అటూ ఇటూ ఇళ్ళు, కింద పెద్దరోడ్డు, పైన ఇక ఆకాశమే. కట్టించిన మహానుభావుడెవరో గానీ, మనుషులకి ముసలితనం వస్తుందన్న సంగతి మరిచిపోయి కట్టించాడు. పట్టుకుందామంటే ఒక్క కమ్మీ లేదు. గోడ ఉంది కదా అంటారు కింద వీధివాళ్ళు, వాళ్ళకేం. ఆ గోడ వానాకాలం పాచి పట్టి జారుతుంది, ఎండాకాలం చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, గుమ్మాలొచ్చిన చోటల్లా మాయమైపోతుంది.

అరవై నాలుగో మెట్టు దగ్గర ఇల్లు మిషనమ్మది. బట్టలు కుడుతుంది కాబట్టి మిషనమ్మ. సొంత పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి చూడటానికి కాస్త టైం పడుతుంది. ముందుగదిలో వెలుతురు పడే చోట మిషను, దాని పక్కన కత్తిరింపు బల్ల, బల్ల కింద పీలికల మూట, మేకులకి వేలాడే కాయితం నమూనాలు. కిటికీ దగ్గర కుర్చీలో ఆవిడ అత్తగారు, ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతూ ఉంటుంది. గుండీ పట్టే ఆ చిన్న కన్నాల చుట్టూ చేత్తో ఆవిడ వేసే కుట్టు చూసి, బట్ట ఎప్పుడు చిరుగుతుందో గానీ కాజా మాత్రం చిరగదని వీధిలో చెప్పుకుంటారు.

కోడలుగా వచ్చిన కొత్తలో మిషనమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అత్తగారు ఆరునెలల పాటు పాత దుప్పట్లు కోయించి, కుట్టించి, విప్పించి, మళ్ళీ కుట్టించింది. పాడైన గుడ్డకి పల్లెత్తు మాట అనలేదు. కోడలి చెయ్యి కుదిరిందని నమ్మకం కలిగిన రోజున మిషను ముందు కుర్చీ తనే ఖాళీ చేసి, "ఇక ఇది నీది" అని కాజాల కుర్చీలోకి మారిపోయింది. అలాంటి అత్తగారు దొరికినందుకు మిషనమ్మ ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక, నెలకోసారి ఆ మిషనుకే నూనె వేసి, తుడిచి, శుభ్రంగా చూసుకునేది.

రెండేళ్ళ కిందట, వాన వెలిసిన ఒక పొద్దున, అత్తగారు నలభయ్యో మెట్టు దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది, ఇంట్లో గోడలు పట్టుకుని నడవడం వచ్చింది. కానీ మెట్లు దిగాలంటే చేతికి పట్టు ఉండాలి కదా. ఒకసారి డాక్టరుకి చూపించడానికి కొడుకు వీపు మీద ఎక్కించుకుని దింపాడు. వాడు లారీ నడుపుతాడు, మంచి బలమున్నవాడు, తల్లి బరువు వాడికి లెక్కలోది కాదు. అయితే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూసింది. ఆవిడ మొహం కొడుకు భుజంలో దాచేసుకుంది.

ఇంటికొచ్చాక ఒకే మాట చెప్పింది. "మళ్ళీ దిగితే నా కాళ్ళ మీద దిగుతాను. లేదంటే ఎలాగూ ఒకరోజు నలుగురి భుజాల మీద దింపుతారు. మధ్యలో ఈ మూటలా మోయడం మాత్రం నాకొద్దు."

అన్న మాట మీద నిలబడే మనిషి ఆవిడ. ఆ తర్వాత ఎవరు బతిమాలినా దిగలేదు. లోకమంతా కిటికీలోంచే. ఆ కిటికీలోంచి కనబడేదల్లా ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన బట్టలు. "ఆ నీలం చొక్కా చంక కుట్టు ఊడింది, చెప్పు వాళ్ళకి" అనేది అప్పుడప్పుడు. మిషనమ్మ తలవంచుకుని మిషను తొక్కేది. తనకి చేతిపని ఇచ్చిన మనిషి తన కళ్ళముందే కుర్చీకి అతుక్కుపోతుంటే ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు.

అలాంటి రోజుల్లో పురపాలక సంఘం వాళ్ళు ఒక కాయితం పంచారు. ఈ ఏడాది వార్డుకి వచ్చే సొమ్ములో ఒక వాటా దేనికి ఖర్చు పెట్టాలో వార్డువాళ్ళే తేల్చాలట. ఎవరికి ఏం కావాలో రాసివ్వొచ్చు, గ్రంథాలయంలో అందరి ముందూ చెప్పుకోవచ్చు, ఆ మరుసటి నెల ఓట్లు. ఎక్కువ ఓట్లు దేనికొస్తే ఆ పని జరుగుతుంది. వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ఇన్నేళ్ళూ రోడ్డు తవ్వేటప్పుడు చెప్పలేదు, పూడ్చేటప్పుడు చెప్పలేదు, ఇప్పుడు పిలిచి మరీ అడుగుతున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉందన్నారు.

మిషనమ్మ మాత్రం ఆ కాయితం నాలుగుసార్లు చదివి, టేపు మెళ్ళో వేసుకుని బయటికొచ్చింది. ఒక్కో మెట్టూ కొలిచింది. వెడల్పు, ఎత్తు, గుమ్మాల దగ్గర ఖాళీ, అన్నీ కొలతల పుస్తకంలో రాసుకుంది. తర్వాత లోపలికొచ్చి అత్తగారిని గోడ దగ్గర నిలబెట్టి, నేల నుంచి అరచేతి దాకా టేపు పెట్టింది. ఇరవై ఏడు అంగుళాలు. అలవాటు కొద్దీ వదులు కోసం ఒకటి కలిపి ఇరవై ఎనిమిది అని వేసింది. పాతికేళ్ళుగా మనిషిని కొలిచి బట్ట కుట్టడమే ఎరిగిన మనిషి, కమ్మీకి మాత్రం ఇంకో పద్ధతి ఉంటుందని ఎలా అనుకుంటుంది?

గ్రంథాలయంలో ఆ రోజు కుర్చీలు చాలక జనం పుస్తకాల బీరువాలకి ఆనుకుని నిలబడ్డారు. ముందుగా మాట్లాడింది మెట్ల కింద బేకరీ నడిపే ఆయన. అందరికీ రొట్టెలాయన. ఆయన దుకాణం ముందే మురుగుకాలువ తెరుచుకుని పారుతుంది. దానికి మూత వేయించాలని అడిగాడు. "పొద్దున్నే నా పొయ్యిలోంచి వచ్చే వాసన కోసం మీరంతా వస్తారు. వానొస్తే ఏ వాసన వస్తుందో నా నోటితో చెప్పించకండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అడిగిందీ న్యాయమైనదే, అందులో వంక పెట్టడానికి లేదు.

తర్వాత మిషనమ్మ వంతు. రాసుకొచ్చింది గబగబా చదివేసింది. బల్ల దగ్గర కూర్చున్న పురపాలక సంఘం ఇంజనీరమ్మ కాయితం చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"కమ్మీ ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలని రాశారు. ఇది ఎక్కడి లెక్కండీ? మా నిబంధనల ప్రకారం ముప్ఫై ఆరు ఉండాలి."

"మా అత్తయ్యదండీ."

"ఏమిటీ?"

"మా అత్తయ్య కొలతండీ. నిలబడితే అరచెయ్యి అక్కడికొస్తుంది. ఒక అంగుళం వదులు పెట్టాను."

అంతే, హాలంతా గొల్లుమంది. "ఊరి సొమ్ముతో అత్తగారికి కోటు కుట్టిస్తోందిరోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. రొట్టెలాయన పొట్ట పట్టుకుని నవ్వుతూ, "వదులు కూడా పెట్టిందండోయ్, ఉతికితే కమ్మీ కుదించుకుపోతుందని!" అన్నాడు. దాంతో పక్కనున్న ఇంజనీరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మిషనమ్మకి తల కొట్టేసినట్టయింది. కాయితం అక్కడే వదిలేసి, డెబ్భై ఒక్క మెట్లలో అరవై నాలుగూ ఒక్క ఊపున ఎక్కేసింది.

ఇంటికొచ్చి జరిగింది చెబుతుంటే ఏడుపొచ్చింది. అత్తగారు అంతా విని, కుదించుకుపోయే కమ్మీ దగ్గరికి రాగానే ఫక్కున నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు కూడానా అత్తయ్యా?"

"ఆ రొట్టెలాయనకి మాట తెలుసే" అంది ఆవిడ. తర్వాత కాజా మీద దారం తెంచి, కోడలి వైపు చూసింది. "నీ కొలతలో తప్పులేదు పిల్లా. కాకపోతే ఒక్కరినే కొలిచావు. ఆ మెట్లు తొడుక్కునేది నేనొక్కదాన్నేనా? మిగతా వాళ్ళ కొలతలు ఎవరు తీస్తారు?"

మర్నాటి నుంచి మిషనమ్మ టేపు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగింది. మొదట్లో నవ్వారు. కొందరు కొత్త బట్టలేమైనా పంచుతున్నారా అని అడిగారు. ఆవిడ చిన్నబుచ్చుకోకుండా చెయ్యి చాపమనేది, టేపు పెట్టేది, రాసుకునేది. కొలతల పుస్తకంలో చొక్కాల పక్కన మనుషులు చేరారు. ఉత్తరాలు తెచ్చే ఆయన ముప్ఫై మూడు. కవలల తల్లి ముప్ఫై నాలుగు, కానీ ఒక చంకలో ఎప్పుడూ బిడ్డ. బడి పిల్లలు ఇరవై రెండు నుంచి ఇరవై ఆరు. చూపులేని సంగీతం మాస్టారు ముప్ఫై అయిదు.

ఈ మాస్టారికి వీధిలో గర్విష్ఠి అని పేరు. మెట్ల మీద ఎదురుపడి పలకరిస్తే పలకడు. చెయ్యి కొలుస్తుంటే చెప్పాడు. "లెక్కపెట్టుకుంటూ దిగుతానమ్మా. మధ్యలో ఎవరికైనా బదులిస్తే లెక్క పోతుంది. మళ్ళీ పైకెళ్ళి మొదలుపెట్టాలి." ఇరవయ్యేళ్ళుగా పక్కిల్లే, ఆ సంగతి మిషనమ్మకి తెలియదు. ఇంటికొచ్చాక చాలాసేపు మిషను మీద చెయ్యి పడలేదు.

కిందకి దిగనిది తన అత్తగారొక్కతే అనుకునేది. పుస్తకం నిండేసరికి పైమెట్లలో అలాంటి వాళ్ళు ఇరవై మూడుమంది తేలారు. ఒకాయన దిగి మూడేళ్ళు. ఒకావిడ దిగి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఎవరింట్లో వాళ్ళు, తమ ఇంటి కష్టమే అనుకుని నోరు మూసుకుని కూర్చున్నారు.

రొట్టెలాయనని కూడా వదల్లేదు. ఆయన రోజూ పొద్దున్నే రొట్టెల తట్ట రెండు చేతులతో పట్టుకుని పైమెట్ల ఇళ్ళకి ఇచ్చి వస్తాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆయన ఆగినప్పుడు మిషనమ్మ ఎదురెళ్ళింది.

"నన్నెందుకు కొలుస్తావు చెల్లెమ్మా? నేను నీకు ఎదుటిపక్షం కదా."

"ఎదుటిపక్షానికి చేతులుండవా అన్నయ్యా? తట్ట దించండి."

ముప్ఫై నాలుగు అని రాసి, పక్కన 'ఎడమ మోకాలు' అని కూడా రాసింది. ఆయన వంగి చదివాడు. ఆ మోకాలి సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పుకోలేదు. ఒక రొట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టి, తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం తీసుకెళ్ళి ఇంజనీరమ్మ బల్ల మీద పెడితే ఆవిడ పేజీలన్నీ తిప్పింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళింది. చివరికి పెన్సిలు తీసి రెండు గీతలు గీసింది. పైన ముప్ఫై ఆరు దగ్గర ఒక కమ్మీ, దాని కింద ఇరవై ఎనిమిది దగ్గర ఇంకొకటి. "పిల్లలూ పెద్దవాళ్ళూ కింది దాన్ని పట్టుకుంటారు. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సిందమ్మా" అంది. పెద్ద చదువు చదివిన మనిషి అంత మాట అనేసరికి మిషనమ్మ ఆవిడ కోటు చేతి కింద ఊడిన కుట్టు చూపించి, రేపు పంపిస్తే కుట్టి పెడతానంది.

అంతా బాగానే ఉంది గానీ ఓట్లు వేయాల్సింది గ్రంథాలయంలో. గ్రంథాలయం ఉన్నది కింద. కమ్మీ ఎవరికి కావాలో వాళ్ళు కమ్మీ లేక కిందకి రాలేరు. ఓట్ల రోజు పొద్దున మిషనమ్మ ఈ ముక్కే ఇంజనీరమ్మని అడిగింది.

"ఇంకో పెట్టె పైకి పంపొచ్చు, అభ్యంతరం లేదు" అంది ఆవిడ. "కానీ ఆ పెట్టె ఇనపది. నాతో ఉన్న గుమాస్తాలిద్దరూ ఇక్కడ లేకపోతే కుదరదు. మోసేదెవరు?"

మిషనమ్మ భర్త లారీతో ఊళ్ళో లేడు. ఆవిడ పెట్టె పట్టుకుని చూసింది, కదల్లేదు. వెనక వరసలో ఓటు కోసం నిలబడ్డ రొట్టెలాయన ముందుకొచ్చాడు.

"రోజూ మోస్తూనే ఉన్నాను కదా ఆ ఇళ్ళకి. ఇవాళ రొట్టెలకి బదులు ఇది."

"అన్నయ్యా, పైవాళ్ళ ఓట్లు ఎటు పడతాయో మీకు తెలుసుగా?"

"తెలుసు. అందుకే నేను మోస్తే ఎవరికీ అనుమానం రాదు" అని పెట్టె ఎత్తాడు. పక్కన తాళంచెవితో ఇంజనీరమ్మ. పది మెట్లకోసారి పెట్టె తొడ మీద ఆనించుకుని, ఎడమకాలు విదిలించుకుని, మళ్ళీ ఎక్కాడు. ఇరవై మూడు గుమ్మాల దగ్గరా దించాడు, ఎత్తాడు. కిటికీ దగ్గర కుర్చీ ముందు కూడా దించాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, అందరినీ అటు తిరగమని, తాపీగా గుర్తు వేసి, కాయితం నాలుగు మడతలు పెట్టి పెట్టెలో పడేసింది. "కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళు నాయనా" అంది. ఆయన రెండు గ్లాసులు తాగాడు.

సాయంత్రం లెక్క చెప్పారు. కమ్మీకి రెండువందల పన్నెండు, మురుగుకాలువకి రెండువందల మూడు. పైకి వెళ్ళిన పెట్టెలో ఇరవై మూడు కాయితాలు, ఇరవై రెండు కమ్మీకి. ఆ పెట్టె ఎక్కకపోతే కాలువే గెలిచేది. హాల్లో ఉన్న వాళ్ళందరికీ ఆ లెక్క క్షణంలో అర్థమైంది. రొట్టెలాయన అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. మిషనమ్మ ఆయన దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "ఏడవకు చెల్లెమ్మా, కాలువ ఎక్కడికీ పోదు. వచ్చే ఏడు మళ్ళీ అడుగుదాం" అన్నాడు ఆయన.

కమ్మీకి పడని ఆ ఇరవై మూడో ఓటు మాత్రం పైమెట్లని కొన్నాళ్ళు కుదిపేసింది. మన కాళ్ళ కోసం ఇంత జరుగుతుంటే కాలువకి వేసిన ద్రోహి ఎవరు? పైమెట్లలోనే ఉండే ఉత్తరాలాయన తండ్రి మీద కొందరికి అనుమానం, ఎవరు ఏం చెప్పినా దానికి ఎదురు చెయ్యడం ఆయనకి అలవాటు. మిషనమ్మకి కూడా లోపల మండింది. అత్తగారి దగ్గర ఆ మాటెత్తితే, "వేసినవాళ్ళకి ఏ కారణముందో, పోనిద్దూ" అనేది ఆవిడ.

నాలుగు నెలలకి కమ్మీ వచ్చింది. రెండు వరసలు, గుండ్రటి ఇనపగొట్టాలు, ముదురాకుపచ్చ రంగు. రంగు ఆరిన మర్నాడు పొద్దున అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మంలోకొచ్చి నిలబడింది. కింది కమ్మీ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అరచేతిలో ఇమిడింది. మిషనమ్మ ఒక మెట్టు కిందుగా, రెండు చేతులూ చాపి, వెనక్కి నడుస్తోంది.

"నువ్వు ముందు పడిపోయేలా ఉన్నావు. తిన్నగా నడువు" అంది అత్తగారు.

నలభయ్యో మెట్టు దగ్గర ఆవిడ ఆగింది. మిషనమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని, ఆ మెట్టు కేసి ఒకసారి చూసి, దాని మీద పాదం ఆనించి దిగేసింది. గుమ్మాల్లో జనం నిలబడ్డారు, ఈసారీ చూశారు. ఆవిడ ఎవరికీ మొహం దాచుకోలేదు. ఒకరిద్దరిని పేరు పెట్టి పలకరించింది కూడా. కిందికి చేరేసరికి ముప్పావు గంట పట్టింది. మిషనమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది, అత్తగారికి మాత్రం ఒళ్ళంతా చెమట, మొహం నిండా నవ్వు.

రొట్టెలాయన చూసి దుకాణంలోంచి కుర్చీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కాలువకి కాస్త దూరంగా వేసి కూర్చోబెట్టాడు. అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె కాయితంలో చుట్టి ఒళ్ళో పెట్టాడు.

"పెద్దమ్మా, పైనుంచి నాకు ఒకే ఒక్క ఓటు పడింది" అన్నాడు. "ఆ పుణ్యాత్ములెవరో తెలిస్తే బతికున్నన్నాళ్ళూ రోజుకో రొట్టె ఊరికే ఇద్దామని అనుకున్నాను. ఎవరూ ఒప్పుకోవడం లేదు."

అత్తగారు రొట్టె వేడిని రెండు అరచేతుల్లో పట్టుకుని కూర్చుంది. "అయితే రేపటి నుంచి పొద్దున్నే వస్తాను. ఎనిమిదింటికల్లా తీసి పెట్టు" అంది.

మిషనమ్మ ఏడుపు టక్కున ఆగిపోయింది.

"అత్తయ్యా! నువ్వా?"

"కాలు ఈడ్చుకుంటూ అంత బరువు నా గుమ్మం దాకా మోసుకొచ్చాడు. తను ఓడిపోతానని తెలిసే మోశాడు. ఆ మనిషిని ఉత్త చేతులతో పంపిస్తామా?"

"ఆ ఒక్క ఓటుతోనే కమ్మీ పోయుంటే?"

"పోయుంటే ఇంకో ఏడాది పైనే కూర్చునేదాన్ని. నేను దిగనని మొండికేశానే గానీ, మంచీ చెడూ మరిచిపోతానని అనలేదుగా." ఆవిడ రొట్టె విరిచి సగం కోడలి చేతిలో పెట్టింది. "తిను. వేడిగా ఉంది."

రొట్టెలాయన అటు తిరిగి, ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. మొహమంతా పిండి అయింది. మిషనమ్మ పక్కనున్న మెట్టు మీద కూలబడి, ఆ సగం రొట్టె పట్టుకుని, మనసులోనే ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంది. తర్వాత మెళ్ళోంచి టేపు తీసి లేచింది.

"అన్నయ్యా, ఆ కాలువ వెడల్పు ఎంతుంటుంది? ఇటు చివర పట్టుకోండి."